మైనపు రంగులతో బొమ్మలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కరిగిన తేనెమైనంలో రంగు కలిపి, వేడివేడిగా పలక మీద పూసి, పూసిన పొరను మళ్లీ కాచి కిందిదానితో అతికించే పద్ధతి ఎన్‌కాస్టిక్. గ్రీకులో ఆ మాటకు అర్థం ‘కాల్చి లోపలికి దింపడం’ అని. దీని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగిన వాటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఒకరికి పెచ్చులు లేచాయి, ఒకరికి రంగులు కలిసిపోయాయి, ఒకరికి తలనొప్పి పట్టుకుంది. తరచి చూస్తే చాలావాటికి మూలం ఒక్కటే: రంగు మీద పెట్టిన శ్రద్ధ వేడి మీద పెట్టకపోవడం.

ప్రశ్న: కొవ్వొత్తులు కరిగించి, ఆయిల్ కలర్ కలిపి ప్లైవుడ్ మీద వేశాను. వేసిన రోజు బాగుంది. నెల తిరక్కుండానే అంచుల దగ్గర పెచ్చులు లేచాయి. గోటితో గీరితే పొడిపొడిగా రాలుతోంది. మార్చాల్సింది మైనాన్నా, పద్ధతినా?
– బి.ఎఫ్.ఏ. విద్యార్థి, విశాఖపట్నం

ముందు మైనం మార్చండి. బజారు కొవ్వొత్తి దాదాపు అంతా పారాఫిన్. గట్టిగానే ఉంటుంది కానీ సాగే గుణం తక్కువ. మీ ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ, చెక్క ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ కదలికను తేనెమైనం తట్టుకుంటుంది, పారాఫిన్ విరుగుతుంది. అందుకే పెచ్చులు ముందు అంచుల దగ్గర లేచాయి.

తేనెమైనం ఒక్కటే వాడినా మెత్తగా ఉంటుంది, చెయ్యి తగిలితే గీత పడుతుంది. దాన్ని గట్టిపరచడానికి, మెరుపు రావడానికి డామర్ అనే చెట్టు బంకను కలుపుతారు. ఈ మిశ్రమాన్నే మీడియం అంటారు. తూకంలో 8 పాళ్ల మైనానికి 1 పాలు డామర్, అంటే 800 గ్రాములకు 100 గ్రాములు. మొదటిసారి చేసేవాళ్లు ఈ లెక్క దాటొద్దు. మన ఎండలకు భయపడి 4 పాళ్లకు 1 పాలు చేసేవాళ్లున్నారు. పొర గట్టిపడుతుంది, నిజమే, కానీ పెళుసవుతుంది. కింద పడితే గాజులా పగులుతుంది.

చేసే తీరు ఇదీ. డామర్ ముక్కల్ని గుడ్డలో మూటకట్టి సుత్తితో పెసరబద్దంత ముక్కలుగా కొట్టండి. మందపాటి గిన్నెలో మైనాన్ని 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర పూర్తిగా కరగనివ్వండి. తర్వాత డామర్‌ను కొంచెం కొంచెంగా వేస్తూ వేడిని 105–110కి పెంచి, కర్రతో కలుపుతూ ఉండండి. మొదట్లో డామర్ పాకంలా సాగి గిన్నె అడుగున ముద్దకడుతుంది. పని చెడిపోయిందనుకుని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. చెడిపోలేదు, అరగంట నుంచి ముప్పావు గంటలో అది కూడా కలిసిపోతుంది. ఆ తర్వాత వేడిని 85కి దించి, అరగంట కదపకుండా ఉంచితే బెరడు ముక్కలూ మట్టీ అడుక్కి చేరతాయి. పైతేటను పలచని మల్లు గుడ్డలో వడపోసి, సిలికాన్ అచ్చుల్లో పోసి చల్లార్చండి. అడుగు మడ్డిని పారేయండి.

నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కాచే పద్ధతి మైనం కరగడానికి చాలు, డామర్‌కు చాలదు. నీళ్లు 100 డిగ్రీలు దాటవు కదా, డామర్ పూర్తిగా కరగడానికి ఆపైన ఇంకొంచెం కావాలి. అలాగని డామర్ వార్నిష్ సీసా తెచ్చి మైనంలో పోయకండి. అందులో ఉండేది టర్పెంటైన్. వేడి మైనం దగ్గర దాని మూత తీయడం కూడా ప్రమాదమే.

ఈ పనికి వాడిన గిన్నె, గరిటె మళ్లీ వంటకు పనికిరావు.

ప్రశ్న: డామర్ మా దగ్గర దొరకదు. పూజా సామాగ్రి కొట్లో అమ్మే గుగ్గిలం వాడొచ్చా? అలాగే సంతలో కొన్న మైనం అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?
– డ్రాయింగ్ మాస్టారు, సిద్దిపేట

ఆలోచన తప్పేమీ కాదు మాస్టారూ. గుగ్గిలం చెట్టు, డామర్ ఇచ్చే చెట్లు ఒకే కుటుంబానివి. చిక్కల్లా కొట్లో గుగ్గిలం పేరుతో అమ్మే సరుకుతోనే. ధూపానికి కావలసింది పొగా వాసనా కాబట్టి అందులో పైన్ చెట్టు రోజిన్, సాంబ్రాణి, మట్టి అన్నీ కలిసే ఉంటాయి. రోజిన్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, పెళుసవుతుంది. సాంబ్రాణి అసలు వద్దు.

తెలుసుకోవడానికి తేలిక పరీక్ష ఒకటుంది. చెంచాడు పొడిని చిన్న సీసాలో స్పిరిట్ (ఆల్కహాల్) పోసి, మూతపెట్టి రాత్రంతా ఉంచండి. రోజిన్ అయితే దాదాపు పూర్తిగా కరిగి తేటగా ఉంటుంది. డామర్ స్పిరిట్‌లో పూర్తిగా కరగదు, ద్రవం పాలవిరుగుడులా మసగ్గా ఉండి అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది. ఇంత శ్రమ ఎందుకనుకుంటే, ఆయిల్ పెయింటింగ్ సరుకు అమ్మే కొట్ల నుంచి డామర్ స్ఫటికాలు తెప్పించుకోవడమే మేలు. కిలో మీడియంకు పట్టేది 110 గ్రాములే.

ఇక మైనం. అసలు తేనెమైనాన్ని విరిస్తే విరిగినచోట రవ్వలా, గరుకుగా ఉంటుంది. పారాఫిన్ కలిస్తే నున్నగా, కొంచెం పారదర్శకంగా విరుగుతుంది. ఇంతకంటే నమ్మకమైన పరీక్ష బరువుది. తేనెమైనం సాంద్రత 0.96 ప్రాంతం, పారాఫిన్‌ది 0.90 ప్రాంతం. అసలుదని తెలిసిన మైనం ముక్క ఒకటి, కొన్నది ఒకటి, రెంటినీ గాలి బుడగలు లేకుండా కరిగించి చిన్న గోళీల్లా చేసుకోండి. గ్లాసు నీళ్లలో వేస్తే రెండూ తేలతాయి. స్పిరిట్‌ను చెంచా చెంచాగా కలుపుతూ పోండి. అసలు మైనం గోళీ మునిగే సమయానికి కొన్న గోళీ కూడా మునగాలి. ఇంకా తేలుతూనే ఉంటే అందులో పారాఫిన్ ఉన్నట్టే.

కొండతేనె పట్టుల నుంచి తీసిన మైనం ముదురు పసుపుగా, ఒక్కోసారి గోధుమరంగులో ఉంటుంది. ఆదిలాబాద్ డోక్రా పనివాళ్లు ఇత్తడి పోతకు ముందు బొమ్మను తీర్చేది తేనెమైనంతోనే, కానీ వాళ్ల పనిలో మైనం కరిగి వెళ్లిపోతుంది కాబట్టి రంగుతో పేచీ లేదు. మనకు ఉంది. పసుపు మైనంలో తెలుపు కలిపితే మీగడ రంగు వస్తుంది, నీలం కలిపితే ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆ మైనాన్ని అడుగు పొరలకూ, కావి, మట్టి రంగులకూ వాడుకోండి. పై పొరలకు వడపోసిన తెల్ల మైనం కొనండి. రసాయనాలతో తెల్లబరచినది కొన్నేళ్లకు మళ్లీ పసుపెక్కే అవకాశం ఉంది, కొనేటప్పుడు ఎలా తెల్లబరిచారో అడగండి.

ప్రశ్న: నాలుగైదు పొరలు వేశాను. ఒక చోట పై పొర కాగితంలా ఊడి వచ్చేసింది. ఇంకో చోట వేడిగాలి ఊదే హీట్ గన్ పెట్టగానే నీలం, పసుపు కలిసిపోయి బురదైపోయింది. తక్కువ కాచితే ఒక బాధ, ఎక్కువ కాచితే ఇంకో బాధ. సరైన కొలత ఏమిటి?
– ఒక గృహిణి, కాకినాడ

ఈ పద్ధతి ప్రాణమంతా మీ ప్రశ్నలోనే ఉంది కాబట్టి కొంచెం విస్తరంగానే చెప్పాలి.

వేడి మైనం చల్లారిన మైనం మీద పడగానే గట్టిపడిపోతుంది. చూడటానికి అంటుకున్నట్టే ఉంటుంది, నిజానికి రెండు పొరల మధ్య సన్నని అతుకు మిగిలే ఉంటుంది. పై పొరను కింది పొరతో కలిసేదాకా కాచడమే ఫ్యూజ్ చేయడం. ప్రతి పొరకూ ఇది చేయాలి. మూడు పొరలు వేసి ఒక్కసారే కాద్దాం అనుకుంటే పైది ప్రవహిస్తుంది, అడుగుది చల్లగానే ఉంటుంది. మీకు ఒకే పలక మీద రెండు తప్పులూ కనిపించడానికి కారణం అదే.

పని మొదలుపెట్టే ముందు ఉత్త పలకను గోరువెచ్చగా అయ్యేదాకా కాచండి. దాని మీద రంగు లేని మీడియం పూసి, చెక్క పీల్చుకునేదాకా నిదానంగా ఫ్యూజ్ చేయండి. అలాంటివి రెండు పొరలు. ఇది పునాది. ఇక్కడ తొందరపడితే పైన ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒకనాడు మొత్తం బొమ్మ పలక నుంచి విడిపోతుంది.

తర్వాత రంగు పొరలు. పలకను బల్ల మీద సమంగా పడుకోబెట్టండి, వాలుగా ఉంటే మైనం కిందికి జారుతుంది. హీట్ గన్‌ను 10–15 సెంటీమీటర్ల ఎత్తులో, గాలి తక్కువలో పెట్టుకుని, ఇస్త్రీ చేస్తున్నట్టు కదుపుతూనే ఉండండి. కళ్లు మాత్రం మైనం మీదే ఉండాలి. ముందు పొర మసగ్గా ఉంటుంది. కాసేపటికి దాని మీద తడి మెరుపు వస్తుంది. ఆ మెరుపు రాగానే అక్కడి నుంచి పక్కకు జరగాలి. మీరడిగిన కొలత అదే, గడియారంలో దొరకదు. మెరుపు వచ్చాక ఇంకా ఆగితే కుంచె గీతలు కరిగి చదునవుతాయి, ఇంకా ఆగితే రంగులు ఈదడం మొదలుపెడతాయి. గన్ గాలి గట్టిగా ఉన్నా మైనం అలలు అలలుగా పక్కకు తోసుకుపోతుంది, అది వేడి తప్పు కాదు, గాలి తప్పు. గీతలు సన్నగా నిలవాలంటే గాలి లేని చిన్న బ్యూటేన్ టార్చ్ మేలు, మంట క్షణం కూడా ఒకచోట నిలవకూడదు.

పొర అతికిందో లేదో చూడటానికి, చల్లారిన తర్వాత పలక మూల దగ్గర సన్న చాకుతో అడ్డంగా చిన్న కోత కోయండి. కోతలో చారలు కనిపించవచ్చు, అవి రంగుల చారలు. చాకు మొన పెట్టి లేపితే పొర పొరగా విడిపోకూడదు, ఒకే ముద్దగా రావాలి.

కుంచె సంగతి కూడా చెప్పుకోవాలి. పంది వెంట్రుకల కుంచె గానీ మేక వెంట్రుకల వెడల్పాటి కుంచె గానీ వాడండి. నైలాన్ కుంచె వేడి పలక (రంగులు కరిగించే హాట్ ప్లేట్) మీద వంకరపోతుంది, ముడుచుకుపోతుంది. కుంచె చేతిలో ఉన్నంతసేపూ చల్లారుతూనే ఉంటుంది, అందుకని 5–7 సెంటీమీటర్లకు మించని గీతలు గీసి మళ్లీ ముంచుకోవాలి. మైనం గడ్డలుగా ఈడ్చుకుపోతోందంటే కుంచె గానీ పలక గానీ చల్లబడిందని అర్థం. పని అయ్యాక కడగక్కర్లేదు. రంగు రంగుకు ఒక కుంచె ఉంచుకుని, మైనంతోనే గట్టిపడనివ్వండి. మర్నాడు వేడి పలక మీద పెడితే మెత్తబడుతుంది. శుభ్రం చేసి తీరాలంటే కరిగించిన పారాఫిన్‌లో ముంచి పాత గుడ్డతో తుడవండి. కొవ్వొత్తి మైనం మన పనికొచ్చేది అక్కడే.

సన్నని సూది రంధ్రాలు పడుతున్నాయని కూడా రాశారు. చల్లని చెక్కలోని గాలి వేడికి బయటికి రావడం వల్ల అవి పడతాయి. పలకను ముందే కాచుకుంటే చాలావరకు రావు. వచ్చినవాటిని సూదితో కొంచెం వెడల్పు చేసి, మీడియం చుక్క వేసి ఫ్యూజ్ చేస్తే పూడిపోతాయి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ గదిలో పని చేస్తాను. గంట దాటితే కళ్లు మండుతున్నాయి, తలనొప్పి వస్తోంది. తేనెమైనం సహజమైనదే కదా, పొగ ఎందుకు పడటం లేదు?
– హైదరాబాద్ పాఠకురాలు

సహజమైనదే, కానీ నూనె కూడా సహజమైనదే కదా, మాడితే గదంతా ఘాటెక్కదూ? మైనం 62–64 డిగ్రీలకు కరుగుతుంది. కుంచెతో పనికి 80–90 చాలు. 95 దాటిందంటే మైనం విచ్ఛిన్నమై అక్రోలిన్ లాంటి ఘాటు వాయువులు రావడం మొదలవుతుంది. కళ్లు మండటం దాని పనే. మైనం మీద పొగ కంటికి కనిపించిందంటే అప్పటికే హద్దు దాటారు. మీడియం తయారీలో 105–110 దాకా తప్పదని పైన చెప్పాం. ఆ పని ఆరుబయట చేయండి, బొమ్మ వేసే గదిలో వద్దు.

మీ వేడి పలక ఎంత వేడెక్కుతోందో కొలిచారా? చాలామంది ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను మెరిసే అల్యూమినియం పలక మీదికి గురిపెట్టి 60 చూపిస్తోందని నిబ్బరంగా ఉంటారు. మెరిసే లోహం మీద ఆ పరికరం అసలు వేడి కంటే చాలా తక్కువ చూపిస్తుంది. గిన్నెలోని మైనం మీదికి గురిపెట్టండి, లేదా పలక మూలన మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి. ముల్లు ఉన్న వంటింటి థర్మామీటర్‌ను మైనంలో ముంచితే ఇంకా మంచిది. వేడిని తనంతట తానే అదుపు చేసుకునే థర్మోస్టాట్ లేని స్టవ్వు ఈ పనికి వద్దు.

కిటికీ తెరిస్తే సరిపోదు. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్న కిటికీకి ఆనించి బల్ల వేసుకోండి, మీ వెనక నుంచి కొత్త గాలి రావాలి, బల్ల మీది గాలి మీ ముఖానికి తగలకుండా బయటికి పోవాలి. సీలింగ్ ఫ్యాను కింద పని చేస్తే రెండు నష్టాలు: వాయువులు గదంతా తిరుగుతాయి, మైనం చల్లారిపోతుంది.

మైనానికి నిప్పంటుకుంటే నీళ్లు పోయకండి. నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మండే మైనాన్ని గదంతా చిమ్ముతాయి. కరెంటు ఆపి, గిన్నెకు సరిపడే మూత వేసేయండి. అందుకే పని మొదలుపెట్టే ముందే మూత చేతికందేలా ఉంచుకోవాలి, పొడి రకం మంటలార్పే సిలిండరు గదిలో ఉండాలి. చేతి మీద వేడి మైనం పడితే దాన్ని పీకొద్దు, చర్మం కూడా వస్తుంది. 20 నిమిషాల పాటు కుళాయి నీళ్ల కింద ఉంచి, బొబ్బ ఎక్కితే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: జెస్సో (తెల్లటి అడుగు పూత) పూసిన కాన్వాస్ మీద వేశాను, చుట్టినప్పుడు పగిలింది. కాన్వాస్ అసలు పనికిరాదా?
– తిరుపతి పాఠకుడు

చట్రానికి బిగించిన కాన్వాస్ పనికిరాదు. వేలితో నొక్కితే ఊగేది ఏదైనా అంతే. న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో ఉన్న అమెరికన్ చిత్రకారుడు జాస్పర్ జాన్స్ ‘ఫ్లాగ్’ (1954–55) గుడ్డ మీద వేసిన ఎన్‌కాస్టిక్ బొమ్మే, కానీ ఆ గుడ్డ ప్లైవుడ్‌కు అతికించి ఉంది. గుడ్డ నేత కనిపించాలన్న కోరిక ఉంటే మీరూ అలాగే చేయండి.

మీ దగ్గర రెండో తప్పు జెస్సో. మామూలు అక్రిలిక్ జెస్సో ఆరాక ప్లాస్టిక్ పొరలా అవుతుంది, మైనాన్ని పీల్చుకోదు. పీల్చుకోని దాని మీద మైనం ఆనుకుని ఉంటుందే గానీ పట్టుకుని ఉండదు. పూత లేని ప్లైవుడ్ అన్నిటికంటే మంచిది. అడుగు వెడల్పు దాకా 6 మిల్లీమీటర్లది చాలు, అంతకు మించితే 12 మిల్లీమీటర్లది తీసుకోండి, లేదా వెనక చెక్క చట్రం బిగించండి, లేకపోతే వంగుతుంది. టేకులో నూనె ఉంటుంది, వద్దు. ఎం.డి.ఎఫ్. పలక కాస్తే ఫార్మాల్డిహైడ్ వదులుతుంది.

బొమ్మ కింద తెల్లటి అడుగు కావాలంటే పాత పద్ధతిలో సుద్ద పూత వేసుకోవచ్చు. 10 గ్రాముల సరేసును 120 మి.లీ. నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు 60 డిగ్రీలు దాటకుండా వెచ్చచేయండి, మరిగితే జిగురు బలం పోతుంది. అందులో మెత్తటి సుద్దపొడిని మజ్జిగ చిక్కదనం వచ్చేదాకా కలిపి, పలచగా ఆరు పూతలు, ఒకదానికొకటి అడ్డంగా వేయండి. పూర్తిగా ఆరాక సన్న ఉప్పుకాగితంతో రుద్దండి.

ప్రశ్న: రంగుల కోసం ఆయిల్ ట్యూబులు మంచివా, పొడులు మంచివా? పసుపు, కుంకుమ లాంటి ఇంటి రంగులు వాడొచ్చా?
– గుంటూరు పాఠకురాలు

ట్యూబు తేలిక, క్షేమం కూడా. అయితే అందులో ఉన్న అవిసె నూనె మైనాన్ని గట్టిపడనివ్వదు. రంగును బ్లాటింగ్ కాగితం మీద పిండి, నూనె పీల్చుకునేలా రాత్రంతా వదిలేసి, మిగిలిన ముద్దను మీడియంలో పదోవంతు మించకుండా కలపండి. అక్రిలిక్, పోస్టర్ రంగులు నీటితో చేసినవి, కలవవు.

పొడి రంగు వాడేటప్పుడు 100 గ్రాముల మీడియంకు 10 గ్రాములతో మొదలుపెట్టి, చాలకపోతే పెంచండి. నేరుగా గిన్నెలో వేస్తే ఉండలు కడుతుంది. వేడి పలక మీద కొద్ది మీడియంతో పాలెట్ కత్తితో నూరి, ఆ ముద్దను కలపాలి. పొడి గాలిలోకి లేస్తుంది కాబట్టి ఎన్-95 మాస్కు తప్పదు. సింధూరంలో సీసం, ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి. వీటిని టార్చ్ మంటకు చూపించే పని ఇంట్లో ఎవరూ చేయకూడదు. కాడ్మియం రంగుల పొడి కూడా వద్దు.

వంటింటి పసుపు రంగు మైనంలో చక్కగా దిగుతుంది, కానీ వెలుతురుకు నెలల్లోనే వెలిసిపోతుంది. కొట్లో కుంకుమలో ఎక్కువ భాగం రంగుమందే, దాని మన్నికకు హామీ లేదు. ఇంటి రంగుల్లో నిలిచేవి జాజు, కావి, దీపపు మసి. ఎర్రమట్టిని నీళ్లలో కలిపి, ఇసుక అడుక్కి పోయాక పైనున్న ఎర్రనీళ్లను వేరే గిన్నెలోకి వంచి, వాటిని ఆరబెట్టుకుంటే మెత్తటి రంగు మిగులుతుంది. తడి ఏమాత్రం లేకుండా ఆరాలి. తేమ ఉంటే వేడి మైనంలో చిటపటమని చిమ్ముతుంది.

ప్రశ్న: రెండు వారాలకు బొమ్మ మీద తెల్లటి బూజులా వచ్చింది. పాడైపోయినట్టేనా?
– కరీంనగర్ పాఠకుడు

బూజు కాదు. మైనంలోని కొన్ని కొవ్వు పదార్థాలు చల్లటి గాలికి పైకి తేలి పొడిలా పేరుకుంటాయి. కొత్త బొమ్మలకు ఆరు నెలల నుంచి ఏడాది దాకా అప్పుడప్పుడూ వస్తుంది. మెత్తటి నూలు గుడ్డతో గుండ్రంగా తుడిస్తే పోయి, మెరుపు తేలుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం తుడవకండి, వెచ్చటి మైనానికి దుమ్ము, గుడ్డ నూగు అంటుకుంటాయి. తెల్లవారుజామున తుడవండి.

ప్రశ్న: మన ఎండలకు ఈ బొమ్మలు కరిగిపోవా? మే నెలలో ఢిల్లీలో ప్రదర్శనకు పంపాలి.
– విజయవాడ చిత్రకారుడు

గదిలో కరగవు. రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 45 డిగ్రీలు తాకిన రోజున కూడా మైనం కరగడానికి ఇంకా 17 డిగ్రీలు కావాలి. కాకపోతే 40 దాటితే మెత్తబడుతుంది, వేలు పెడితే ముద్ర పడుతుంది. పడమటి ఎండ పడే గోడకు, వంటింటి గోడకు, దగ్గరగా వేడి దీపం ఉన్నచోట తగిలించకండి. అద్దం అవసరం లేదు. బిగించి తీరాలంటే మైనానికీ అద్దానికీ మధ్య సెంటీమీటరు ఖాళీ వదలండి. ఎండ పడే చోట అద్దం వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

అసలు ప్రమాదం దారిలో. ఎండలో నిలిపిన మూసిన కారులో, వ్యానులో వేడి 60 దాటగలదు. మేలో రోడ్డు మీద పంపకండి అనే చెబుతాం. తప్పదంటే ఏసీ రైలు పెట్టెలో మీ వెంట తీసుకెళ్లండి. బొమ్మ ముఖానికి సిలికాన్ పూత ఉన్న బేకింగ్ కాగితం చుట్టండి. బుడగల ప్లాస్టిక్ నేరుగా తగిలితే ఆ బుడగల ముద్రలన్నీ మైనం మీద పడతాయి. పెట్టెలో పెట్టె పెట్టి, మధ్య 5 సెంటీమీటర్ల థర్మోకోల్ వేయండి. రెండు బొమ్మల్ని ముఖాముఖి పెట్టకండి, నిలువుగా ఉంచండి.

ప్రశ్న: ఇక్కడి మ్యూజియంలో ఈజిప్టు మమ్మీల ముఖచిత్రాలు చూశాను. హీట్ గన్ లేని రోజుల్లో కళ్ల మెరుపు దాకా మైనంతో ఎలా వేశారు? మన కలంకారీలో కూడా మైనం వాడతారు కదా, రెండూ ఒకటేనా?
– న్యూజెర్సీ నుంచి తెలుగు పాఠకురాలు

రెండోది ముందు చెబుతాం. కలంకారీలో మైనం అడ్డుగోడ. నీలం అక్కర్లేని చోట మైనం పూసి గుడ్డను నీలిమందులో ముంచి, తర్వాత మైనాన్ని వేడినీళ్లలో తీసేస్తారు. కోరమాండల్ తీరపు అద్దకాలు ఐరోపాకు వెళ్లిన రోజుల్లో వాడిన పద్ధతి అదే. ఎన్‌కాస్టిక్‌లో మైనమే బొమ్మ.

మీరు చూసినవి ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతం పేరుతో పిలిచే ఫయూమ్ ముఖచిత్రాలు అయ్యుంటాయి. ఈజిప్టు రోమన్ పాలనలో ఉన్న క్రీస్తు శకం 1–3 శతాబ్దాల్లో వేసి, మమ్మీ ముఖం మీద కట్టిన పలకలవి. 1888లో అక్కడి హవారా దగ్గర బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ తవ్వకాల్లో చాలా బయటపడ్డాయి. అన్నీ మైనంతో వేసినవి కావు, కొన్ని జిగురు రంగులవి. మైనపు వాటిని పక్కనుంచి వెలుతురు పడేలా చూస్తే రెండు రకాల పని కనిపిస్తుంది: బట్టలకు, ముఖం వెనకి ఖాళీ భాగానికి కుంచెతో పొడుగాటి పూతలు, ముఖానికి గట్టి పనిముట్టుతో పక్కపక్కనే నొక్కిన పొట్టి గీతలు. క్రీస్తు శకం 79లో చనిపోయిన రోమన్ రచయిత ప్లినీ ఈ పద్ధతుల్ని, సెస్ట్రం అనే మొన గల పనిముట్టునీ ప్రస్తావించాడు. ఓడలకు మైనపు రంగులు కుంచెతో పూసేవారనీ, ఎండా, ఉప్పునీరూ, గాలీ వాటిని చెడగొట్టలేవనీ రాశాడు. మైనాన్ని సముద్రపు నీటితో, క్షారంతో కాచి ప్యూనిక్ మైనం చేసే తీరు కూడా చెప్పాడు. దాన్ని వేడి లేకుండానే పూసేవారా, తెల్లబరిచిన మైనంగానే వాడారా అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకునే విషయం.

ముఖంలోని సన్నపని మీరూ చేయవచ్చు. కనురెప్పల గీతలు కుంచెతో వేయబోతే మైనం మొన దగ్గరే గడ్డకడుతుంది. చల్లారిన పొర మీద సూదితో గాడి గీయండి, లేచిన రజను తీసేయండి. ఆ గాడిలోకి ట్యూబు ఆయిల్ రంగును వేలితో రుద్ది, పైన మిగిలిన రంగును ఒక్క చుక్క అవిసె నూనె తగిలిన గుడ్డతో తుడవండి. గాడిలో రంగు నల్లటి వెంట్రుకలా నిలుస్తుంది. తర్వాత టార్చ్‌ను దూరం నుంచి ఒక్కసారి తడిమినట్టు తిప్పితే చాలు, మెరుపు వచ్చేదాకా కాస్తే గీత చెదురుతుంది. కంటిపాపలోని తెల్ల చుక్క చిట్టచివర, వేడిచేసిన సూది మొనతో తెల్ల మైనం తీసుకుని పెట్టండి. దాని తర్వాత టార్చ్ ముట్టుకోకండి. గీరిన రజనును పారేయకుండా రంగుల వారీగా డబ్బాల్లో దాచుకుంటే మళ్లీ కరిగించి అడుగు పొరలకు వాడుకోవచ్చు.